శాలువా కప్పేదాకా

మలయమారుతం ఫ్యాన్స్ లిమిటెడ్‌లో ఉద్యోగం దొరకడం కష్టమే గానీ, ఊడడం అంతకన్నా కష్టం. మిగతా కంపెనీల్లో అయితే పొద్దున్నే గేటు దగ్గర కార్డు పనిచేయదు, సాయంత్రానికి బల్ల సొరుగులోని సామాను అట్టపెట్టెలో ఇంటికి చేరుతుంది. ఇక్కడ ఆ పప్పులేం ఉడకవు. ఇక్కడ మనిషిని తీసెయ్యాలంటే ముందు సభ పెట్టాలి, వేదిక మీద కూర్చోబెట్టాలి, అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పించాలి, శాలువా కప్పాలి, ఫొటో తీయాలి. అప్పటిదాకా అతను ఉద్యోగే.

ఈ ఆనవాయితీ కంపెనీ పెట్టిన పెద్దాయనది. రాగి తీగ ఎత్తుకుపోతూ దొరికిన వాచ్‌మన్‌ని కూడా ఆయన ఊరికే గెంటలేదు. "లోహాల మీద అపారమైన మక్కువ గలవాడు" అని మైకులో చెప్పించి, శాలువా కప్పి మరీ సాగనంపాడు. ఆయన పోయాక వచ్చిన కొత్త యాజమాన్యం ఇవన్నీ చాదస్తమనుకుని, ఒక గుమాస్తాను వాట్సాప్ సందేశంతో తీసేసింది. ఆ గుమాస్తా ఊరుకుంటేనా? నేరుగా కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్ళి, "సార్, నాకింకా శాలువా కప్పలేదు" అన్నాడు. దశాబ్దాలుగా నడుస్తున్న ఆనవాయితీ సేవా నిబంధనతో సమానమని ఆ అధికారి తేల్చేశాడు. కంపెనీ లెంపలేసుకుని గుమాస్తాను వెనక్కి పిలిచి, ఆగిన జీతమంతా ఇచ్చి, సభ పెట్టి, అప్పుడు తీసేసింది.

ఆ దెబ్బతో వకీలు చేత ఒక సర్క్యులర్ రాయించారు. "సత్కారముతోడనే సేవా సమాప్తి. వక్త తనంతట తాను సెలవు అనునంతవరకు ప్రసంగము ముగిసినట్లు భావింపరాదు. మధ్యలో అడ్డు తగులరాదు. ఆరంభించిన వక్తను మార్చరాదు." ఇది నోటీసు బోర్డులో అద్దం వెనక ఉండేది. ఎవరూ చదవలేదు. చదవాల్సిన అవసరం అప్పటికి రాలేదు.

ఆ మంచి మాటలు చెప్పే పని ఏళ్ళ తరబడి గుండేటి సదానందానిది. అసలు ఉద్యోగం స్టోర్స్‌లో. బేరింగులు, స్క్రూలు, ఫ్యాను రెక్కలు అడిగినవాళ్ళకు అడిగినన్ని ఇస్తాడు. మైకు అందుకున్నాడంటే మాత్రం వేరే మనిషి. రోజూ ఆలస్యంగా వచ్చేవాణ్ణి "గడియారానికి దాసోహం అనని వ్యక్తిత్వం" అన్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరితోనూ పెదవి విప్పని ఒక మనిషిని "ఈయన మాట తప్పాడని ఒక్కరు చెప్పండి చూద్దాం" అన్నాడు. ఇవి అబద్ధాలని సదానందం అనుకోడు. పక్కకి జరిగి చూస్తే ప్రతి మనిషిలోనూ ఒక పావుగంట మంచితనం ఉంటుందని అతని నమ్మకం. పావుగంట కాగానే "సెలవు" అంటాడు, శాలువా పడుతుంది, సమోసా తిని ఎవరి సెక్షన్‌కి వాళ్ళు పోతారు.

అలాంటి కంపెనీకి ఉన్నట్టుండి సన్నబడాలన్న కోరిక పుట్టింది. ముంబయి నుంచి దిగిన యువ ఎం.డి. అద్వైత్ మొదటి రోజునే సిబ్బందినంతా షెడ్డులో నిలబెట్టి తన కల చెప్పాడు. దేశంలో మొట్టమొదటి ఉద్యోగి రహిత సంస్థగా మలయమారుతాన్ని నిలపాలట. ఫ్యాన్లు ఎక్కడో తయారవుతాయి, ఎవరో అమ్ముతారు, మధ్యలో మన పేరు అంటుకుని ఉంటుంది, పేరుకి సిబ్బందితో పనేముందని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాక గానీ దేనికి కొట్టారో వాళ్ళకు అర్థం కాలేదు.

ఆ వారమే కాంటీన్‌లో పుకారు మొదలైంది. మొదట బిస్కెట్లు పోయాయి. తర్వాత బస్సు పోయింది. ఓవర్‌టైం పోయింది. ఇక మిగిలింది బీమా ఒక్కటే, దాన్నీ కోస్తున్నారని ఒకరన్నారు. ఎట్లా కోస్తారంటే, మనిషికి రెండేసి ఉండే అవయవాల్లో ఒక్కదానికే ఇకమీదట వైద్యం ఇస్తారట. సదానందం చేతిలోని చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

అతని తల్లి నర్సవ్వకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఏళ్ళ తరబడి మంచం నుంచి గడప దాకా, గడప నుంచి మంచం దాకా గోడ పట్టుకుని నడిచింది. కంపెనీ బీమా పుణ్యమా అని ఆ మధ్యనే ఎడమ మోకాలు మార్పించాడు. అది మానాక కుడిది చేస్తామని డాక్టరు చెప్పి, ఉగాది దాటిన గురువారానికి రోజు కూడా ఇచ్చాడు. ఇప్పుడు నర్సవ్వ ఒక కొత్త కాలితో, ఒక పాత కాలితో ఉంది. ఒకటి ముందుకు పదమంటుంది, ఒకటి రానంటుంది. ఉద్యోగం పోతే బీమా పోతుంది, బీమా పోతే ఆ రెండో కాలు అట్లాగే ఉండిపోతుంది. సదానందం జీతంతో మోకాలు కొనడం అయ్యే పని కాదు.

అతను గుండె చిక్కబట్టుకుని మానవ వికాస విభాగానికి వెళ్ళాడు. దానికి అధిపతి డాక్టర్ శ్రీవత్స. మనుషుల్ని చూసే డాక్టరు కాదు, మనుషుల్ని తగ్గించడం మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న డాక్టరు.

"సార్, అందర్ని తీసేస్తున్నరట గదా," అన్నాడు సదానందం.

"తీసెయ్యడం అన్న మాట మన పదకోశంలోనే లేదండీ," అన్నాడు శ్రీవత్స నొచ్చుకుంటూ. "సంస్థ తన ఆకృతిని పునర్దర్శించుకుంటోంది. ఆ దర్శనంలో కొందరు కనిపించరు. అంతే."

"బీమా కూడా సగం జేస్తరట. రెండు ఉన్నకాడ ఒక్కటేనట."

"అది పరిశీలనలో ఉన్న సమభాగస్వామ్య విధానం. కళ్ళు, చెవులు, మూత్రపిండాలు, మోకాళ్ళు. ప్రకృతి మనకు రెండేసి ఎందుకిచ్చింది? ఒకటి సంస్థ బాధ్యత, ఒకటి వ్యక్తి బాధ్యత. ఎడమ పక్కది మేం చూసుకుంటాం."

"మా అవ్వకు ఎడమది అయిపోయింది సార్. కుడిది ఉన్నది."

"చూశారా, మీ కుటుంబంలో విధానం ముందే విజయవంతంగా అమలైంది," అని శ్రీవత్స చేయి కలిపాడు. సదానందం మొహం చూసి జాలిపడ్డాడు కాబోలు, గొంతు తగ్గించి అన్నాడు. "కంగారు పడకండి. అది వచ్చే ఏడాది నుంచి. ఈలోగా మీరు ఉద్యోగంలో ఉంటే కుడిది కూడా పాత పద్ధతిలోనే వస్తుంది."

"ఉంటనా సార్?"

"జాబితాలో మీ పేరు చిట్టచివర ఉంది. మీరే లేకపోతే మిగతావాళ్ళని సాగనంపేదెవరు?"

సదానందం ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేక ఇంటికి వచ్చాడు. తల్లికి మాత్రం చెప్పలేదు.

సభలు మొదలయ్యాయి. పొదుపులో భాగంగా సమోసా రద్దు, పూలదండ రద్దు, శాలువాల కొనుగోలు కూడా రద్దు. బీరువాలో మిగిలిన ఒకే ఒక్క జరీ శాలువాతో కంపెనీ మొత్తాన్ని ఖాళీ చెయ్యాలని తీర్మానమైంది. కప్పడం, ఫొటో తియ్యడం, తిరిగి లాక్కుని మడత పెట్టడం. ఒకరిద్దరు అమాయకంగా కప్పుకునే దిగబోతే వేదిక అంచున ఆపి తీసుకున్నారు.

మూడో నాలుగో సభకి ముందు వైండింగ్ సెక్షన్ జహంగీర్ స్టోర్స్ కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనకా ముందూ చూసుకుని అడిగాడు.

"అన్నా, రేపు నా సభకు నువ్వే మాట్లాడుతవ్ గదా?"

"నేనే తమ్మీ. ఏం జెప్పమంటవ్?"

"ఏమన్న జెప్పు గని, జర లంబా జెప్పు. మా బిడ్డకు చెవి ఆపరేషన్ రేపే. సభనేమో పొద్దుగాల, ఆమెకేమో పగటీలి భోజనాలు అయినంక. ఒక్కసారి లోపటికి తీస్కపోయిన్రంటే ఇగ దవాఖానోళ్ళు ఆపరట. గప్పటి దాక నేను ఈడ నౌకరిల ఉండాలె."

సదానందం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అట్లాంటి లెక్క అతను రాత్రీ పగలూ వేస్తూనే ఉన్నాడు కనక అది వెంటనే అర్థమైంది. మర్నాడు మైకు అందుకుని, జహంగీర్ తాత నిజాం కాలంలో గాలిపటాల దారం చుట్టేవాడన్న దగ్గర మొదలుపెట్టాడు. దారం నుంచి తీగకి, తీగ నుంచి చేతివేళ్ళకి, వేళ్ళ నుంచి ఆ చేతులు ఎవరికి ఎప్పుడు సాయం చేశాయో అక్కడికి వచ్చాడు. పావుగంట దాటింది. అద్వైత్ గడియారం చూసుకున్నాడు. శ్రీవత్స శాలువా పట్టుకుని నిలబడి, కాసేపటికి కూర్చుని, మళ్ళీ నిలబడ్డాడు. భోజనాల గంట మోగింది. సదానందం జహంగీర్ టిఫిన్ డబ్బాలోని కూరని పొగుడుతున్నాడు. ఆ కూర పక్కవాళ్ళకి పెట్టకుండా అతను ఏనాడూ తినలేదని చెప్తుండగా, జహంగీర్ జేబులో ఫోను కదిలింది. చూసుకున్నాడు. తల ఊపాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి అద్వైత్ అది ప్రశంసకి కరగడం అనుకున్నాడు.

"సెలవు," అన్నాడు సదానందం.

ఈ సంగతి కంపెనీలో నిప్పులా పాకింది. మర్నాటి నుంచి స్టోర్స్ కిటికీ దగ్గర స్క్రూలు అడిగేవాళ్ళు లేరు. ఒకరి భార్యకి నెలలు నిండాయి. ఒకరి మామగారికి కంటి పొర కోయాలి. "అన్నా, శుక్రవారం దాక లాగుతవా?" అని ఒకరు, "సోమవారం పొద్దుగాల్ల చాలన్నా, అటెన్క నువ్వు ఎప్పుడు ఆపినా మంచిదే" అని ఒకరు. సదానందం అందరికీ సరేనన్నాడు. సాయంత్రం ఐదింటికి షిఫ్టు గంట మోగితే ప్రసంగం అక్కడికక్కడే ఆగేది, ఎందుకంటే సభలకి ఓవర్‌టైం లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, ఆగిన వాక్యం దగ్గర నుంచి మళ్ళీ మొదలు. ప్యాకింగ్ యాదగిరి సహనం గురించి అతను మంగళవారం మొదలుపెడితే, యాదగిరికి ఆడపిల్ల పుట్టిన కబురు వచ్చేసరికి శనివారమైంది.

యాజమాన్యం ఊరుకోలేదు. డాక్టర్ శ్రీవత్స ప్రశంసా క్రమబద్ధీకరణ పేరుతో ఒక సర్క్యులర్ తెచ్చాడు. ఒక్కో సుగుణానికి మూడు నిమిషాలకు మించి కేటాయించరాదు. సదానందం దానికి కట్టుబడ్డాడు. మూడు నిమిషాలకొక సుగుణం చొప్పున చెప్తూ పోయాడు. మనిషిలో ఇన్ని సుగుణాలుంటాయని ఆ మనిషికే తెలియదు. అకౌంట్స్ విజయభారతి వేదిక మీద కూర్చుని తన గురించి తనే నోరు తెరుచుకుని వింది.

తర్వాత ప్రతి సుగుణానికీ ఆధారం చూపాలన్నారు. దానికొక గుణ నిర్ధారణ సంఘం వేశారు. విజయభారతి ఓర్పు గలదని సదానందం అనగానే సంఘం సభ్యులు లేచి, "ఏ ప్రాతిపదికన?" అన్నారు. సాక్షులు వచ్చారు. ఓర్పుకి నిర్వచనం ఏమిటన్న దాని మీద ఒక పూట చర్చ జరిగింది. వినీ వినీ విజయభారతి ఓర్పు కోల్పోయి ఒక సభ్యుణ్ణి కసిరింది. దాంతో ఆ గుణం పునఃపరిశీలనకి వెళ్ళింది. సంఘం వేసిన నాటి నుంచి సభలు రెట్టింపు పొడుగయ్యాయి.

ఆఖరికి సదానందాన్నే తప్పించి చూశారు. ఒక సభలో అద్వైత్ స్వయంగా మైకు తీసుకుని, "ఈయన చాలా మంచివారు, సెలవు" అని శాలువా కప్పేశాడు. కప్పించుకున్న మనిషి పేరు అడిగితే చెప్పలేకపోయాడు. ఆ మనిషి చక్కా పోయి కార్మిక శాఖలో ఫిర్యాదు ఇచ్చాడు. ఎవరి గురించో తెలియని ప్రశంస ఎవరికీ వర్తించదని అధికారి తేల్చాడు. కంపెనీ మళ్ళీ లెంపలేసుకుని సదానందం చేతికే మైకు ఇచ్చింది.

ఇంత చేసినా, రోజులు పోతుంటే మనుషులు పోతూనే ఉన్నారు. ఎంత సాగదీసినా అవతలివాళ్ళ అక్కర తీరాక "చాలన్నా, ఇగ కప్పించు" అని వాళ్ళే సైగ చేసేవాళ్ళు. సెక్షన్‌కి సెక్షన్ ఖాళీ అవుతోంది. ఒక్కొక్కరినీ సాగనంపి దిగుతూ సదానందం లెక్క వేసుకునేవాడు. వాళ్ళ ఇళ్ళలో ఒక పని గడిచింది, అది నిజమే. ఒక మనిషి తగ్గినకొద్దీ తన వంతు దగ్గరపడుతోంది, అదీ నిజమే. గురువారం ఇంకా రాలేదు.

ఒక రోజు పొద్దున డాక్టర్ శ్రీవత్స స్టోర్స్‌లోకి వచ్చాడు. ఎప్పుడూ అటువైపు రాని మనిషి. ఒక ఖాళీ డబ్బా మీద కూర్చుని, టై వదులు చేసుకున్నాడు.

"మానవులు లేనిచోట మానవ వికాసం ఎందుకని పైనుంచి మెయిల్ వచ్చిందండీ," అన్నాడు. "ఎల్లుండి నాది."

"సంస్థ ఆకృతి..." అనబోయాడు సదానందం.

"ఆ ఆకృతి సంగతి వదిలెయ్యండి సదానందం గారూ. మా నాన్నకి డయాలిసిస్ జరుగుతోంది. వేరే బీమా ఒకటి తీసుకున్నాను, అది మొదలవడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారం నన్ను ఉంచండి. మీకు దండం పెడతాను."

అతని మాటల్లో మొదటిసారి పదకోశం లేదు. సదానందం అతనికీ సరేనన్నాడు. కానీ ఆ ప్రసంగం జీవితంలో అన్నిటికన్నా కష్టమైంది. ఎంత పక్కకి జరిగి చూసినా శ్రీవత్సలో పావుగంట దొరకలేదు. చివరికి దారి దొరికింది. "కోత కోసేటప్పుడు ఈయన పక్షపాతం చూపలేదు. తన బిస్కెట్లు కూడా తనే రద్దు చేసుకున్నాడు," అని అందుకుని, వారం లాగాడు. రెండో రోజుకల్లా శ్రీవత్స ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఇన్నేళ్ళలో తన గురించి ఎవరూ ఇంతసేపు ఆలోచించలేదని దిగి వెళ్తూ చెప్పాడు. శాలువా తనే మడతపెట్టి ఇచ్చి వెళ్ళాడు.

ఇక షెడ్డులో ఇద్దరే. ఎం.డి. అద్వైత్, స్టోర్స్ సదానందం. అద్వైత్ లెక్క ప్రకారం యజమాని ఉద్యోగి కిందికి రాడు కనక, సదానందం ఒక్కడు కదిలితే కల నిజమైనట్టే. ముంబయిలో ఆ ప్రకటనకి వేదిక కూడా మాట్లాడేశారు. సోమవారం సభ అన్నాడు. గురువారం ఆపరేషన్.

"నా గురించి ఎవరు మాట్లాడుతరు సార్? ఎవ్వరు లేరు గదా," అన్నాడు సదానందం, గొంతులో ఆశ దాచుకుంటూ.

అద్వైత్ సర్క్యులర్ తిరగేశాడు. తెలిసిన సహోద్యోగి లేనిచో కుటుంబ సభ్యులు మాట్లాడవచ్చునని అడుగున ఉంది. వెంటనే సదానందం భార్య శోభకి ఫోను చేశాడు.

"మా ఆయన మంచితనం నన్ను చెప్పమంటే రెండు నిముషాల్ల ఒడుస్తది సార్," అంది శోభ నిజాయితీగా. "మా అత్తనైతే మాట్లాడుతది. మోకాలు నిలబడనిస్తే చాలు."

అప్పుడు తల్లికి అంతా చెప్పక తప్పలేదు. నర్సవ్వ మంచం మీద కాళ్ళు చాపుకుని కొడుకు చెప్పేదంతా వింది.

"గిన్ని దినాలు నాకెందుకు జెప్పలేదురా?"

"నీకెందుకని, అవ్వా."

"నా మోకాలు సంగతి నాకెందుకా? బాగున్నదిరా నీ తెలివి." కుడి మోకాలు తడుముకుంది. "గురువారం దాక మాట్లాడాలె. అంతేనా? నిన్ను కన్నకాడికెళ్ళి చెప్తే ఇంకో గురువారం దాక పోతది."

సోమవారం ఆమె వేదిక మెట్లు ఎక్కడానికే చాలాసేపు పట్టింది. ఒక పక్క కొడుకు, ఒక పక్క కోడలు. కూర్చుని మాట్లాడమని సదానందం బతిమాలాడు. వక్త నిలబడే మాట్లాడవలెనని నిబంధనలో ఉందని అద్వైత్ గుర్తుచేశాడు. నర్సవ్వ కొత్త కాలి మీద బరువు వేసి, మైకు కడ్డీని చేతికర్రలా పట్టుకుని మొదలుపెట్టింది. వీడు కడుపులో ఉండగా తను ఏమేం తినబుద్ధయ్యేదో చెప్పేసరికి సోమవారం గడిచింది. మంగళవారం వీడికి మాటలు వచ్చాయి. బుధవారం మధ్యాహ్నానికి బడిలో వేశారు. సదానందం వేదిక మీద కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. అందరినీ అక్కడ కూర్చోబెట్టాడు గానీ, అక్కడ కూర్చుంటే ఎట్లా ఉంటుందో అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. సిగ్గేసింది.

ఆ బుధవారం మధ్యాహ్నమే అతనికి ఇంకో సంగతి తట్టింది. రేపు గురువారం. రేపు అవ్వ ఆసుపత్రిలో ఉండాలి. ఆసుపత్రికి పోవాలంటే ప్రసంగం ఆపాలి. ప్రసంగం ఆపితే శాలువా పడుతుంది, శాలువా పడితే బీమా పోతుంది. మాట్లాడుతూ ఉంటే మోకాలు లేదు, మాట్లాడకపోతే అసలే లేదు. ఎందరికో దారి చూపించిన తను తన తల్లిని ఎట్లా ఇరికించాడో అతనికే అంతుబట్టలేదు. బీమా కాగితాల్లో ఆపరేషన్ తేదీ చూసిన అద్వైత్‌కి ఆ సంగతి ముందే తెలుసు. శాలువా మడత విప్పి ఒళ్ళో పెట్టుకుని చిన్నగా నవ్వుతున్నాడు.

నర్సవ్వ కొడుకు మొహం చూసింది. అద్వైత్ ఒళ్ళో శాలువా చూసింది.

"వీడు ఏడో తరగతిల ఉన్నప్పుడు ఒక పని జేసిండు," అంది మైకులో. "గది వింటే గని వీడెవడో మీకు తెల్వది. నాకైతే జీవితంల మరుపురాదు." అద్వైత్ ముందుకి వంగాడు. మూడు రోజులుగా వింటున్నవాడు, తెలియకుండానే కథలో పడ్డాడు. "సరే, ఇగ నాకు కాలు గుంజుతుంది సారూ. ఆపరేషన్ జేయించుకొని వచ్చి మిగిలింది జెప్త. సభ ఆగిందనుకోండ్రి."

మైకు వదిలేసి, రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. అద్వైత్ శాలువాతో లేచాడు గానీ కప్పడానికి వీల్లేదు. ఆమె సెలవు అనలేదు. అప్పటికప్పుడు వకీలుకి ఫోను చేశాడు. వక్త తిరిగి వచ్చేదాకా సభ వాయిదాలో ఉన్నట్టేనని, వక్తను మార్చరాదని, ఇది తానే రాసిన నిబంధనేననీ వకీలు చెప్పాడు. ఆ సలహాకి బిల్లు కూడా పంపాడు.

గురువారం ఆపరేషన్ బాగా జరిగింది. బీమా కాగితం మీద ఎవరూ వంక పెట్టలేదు.

అక్కడి నుంచి మలయమారుతం వారి శ్రద్ధ చూడాలి. ఉద్యోగి రహిత సంస్థకి అడ్డంగా ఉన్నది ఒక్క ముసలామె కాలు. ముంబయి నుంచి రోజూ ఫోను. బిస్కెట్లు కోసిన కంపెనీ నర్సవ్వకి దానిమ్మపళ్ళు పంపింది. బస్సు తీసేసిన కంపెనీ ఆమె గుమ్మం ముందు కారు నిలబెట్టింది. నగరంలో కల్లా పేరున్న ఫిజియోథెరపీ డాక్టరు రోజూ ఇంటికి వచ్చి కాలు వంచి, చాపించి, ఎంత వంగిందో అద్వైత్‌కి నివేదిక పంపేవాడు. అద్వైత్ వారానికోసారి తనే వచ్చేవాడు. కాలు ఎట్లా ఉందని అడిగి, వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి, "ఏడో తరగతిలో ఏం చేశాడండీ?" అనేవాడు.

"స్టేజీ మీదనే జెప్త సారూ," అనేది నర్సవ్వ.

సదానందం రోజూ ఖాళీ కంపెనీకి వెళ్ళి, ఎవరూ అడగని స్క్రూల మధ్య కూర్చుని వచ్చేవాడు. ఇంటికి వస్తే అవ్వ నడుస్తూ కనిపించేది. మొదట వాకర్‌తో, తర్వాత కర్రతో, తర్వాత చేతులు ఊపుకుంటూ. ఒక సాయంత్రం ఒక్కతే బజారుకి పోయి తోటకూర కట్టలు తెచ్చింది. తోటకూర కొనడానికి ఎన్నేళ్ళ తర్వాతో తన కాళ్ళ మీద పోయానని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. సదానందానికి సంతోషమేసింది. ఆ సంతోషం వెనకే భయం. ఆమె బాగుపడుతున్నకొద్దీ అతని ఉద్యోగం ఊడే రోజు దగ్గరపడుతోంది.

"అత్తమ్మా, జర కుంటుతున్నట్టు చేయరాదే," అంది శోభ ఒక రోజు. "ఇంకో రెండు నెలలు."

నర్సవ్వ ఆ మాటకి కోప్పడలేదు. "ఇన్నేండ్లు నిజంగనే కుంటిన బిడ్డా. ఇగ ఒక్క దినం కూడ కుంటను. ఉత్తుత్తిగ కూడ కుంటను. కోపం జేసుకోకు," అంది.

సదానందం "వద్దులే" అన్నాడు భార్యతో. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

సభ మళ్ళీ కూడింది. అద్వైత్ ముందు వరసలో, ఫిజియోథెరపీ డాక్టరు అతని పక్కన. డాక్టరు కూడా ఏడో తరగతి కథ వినడానికే సెలవు పెట్టి వచ్చాడు. నర్సవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి, మైకు ముందు రెండు కాళ్ళ మీద సమంగా నిలబడింది.

"ఏడో తరగతిల వీడు ఏం జేసిండంటే," అని ఆగింది. షెడ్డులో గాలి కూడా కదలలేదు. "ఏం జేయలే. ఫెయిలైండు."

"అంతేనా?" అన్నాడు అద్వైత్.

"మరుపురాదన్న మాట నిజమే, ఆ దినం నేను మస్తు ఏడ్సిన. గంతే," అంది నర్సవ్వ. "ఇగ అసలు సంగతి. ఈ కంపెనీల పని జేసిన అందరి మంచి నా కొడుకే చెప్పిండు. మీ అసుంటోళ్ళది కూడ చెప్పిండు. వీని మంచి చెప్పుటానికి ఒక్కలు మిగలలే సారూ. అందర్ని మీరే పంపిన్రు. నేనొక్కదాన్నే ఉన్న. నాకు కాళ్ళు లేవు, ఇచ్చిండు. ఇంతకన్న చెప్పుటానికి నాకు మాటలు రావు. సెలవు."

అద్వైత్ ఒక్క ఉదుటున శాలువాతో వేదిక ఎక్కాడు. చరిత్ర సృష్టించామంటూ అదే చేత్తో ముంబయికి ఫోను కూడా కలిపాడు. ఫొటో తియ్యడానికి షెడ్డులో ఎవరూ లేకపోతే ఫిజియోథెరపీ డాక్టరు తీశాడు. ఆ ఫొటోలో సదానందం కెమెరా వైపు చూడడం లేదు. శాలువా ఎప్పుడు భుజాల మీద పడిందో, మళ్ళీ ఎప్పుడు లాగేసుకున్నారో అతనికి తెలియదు. అతను మెట్ల వైపు చూస్తున్నాడు. నర్సవ్వ మెట్లు దిగుతోంది, ఎడమ కాలు, కుడి కాలు, దేన్నీ పట్టుకోకుండా, ఊళ్ళో అందరూ దిగినట్టే. కింద నిలబడి వెనక్కి తిరిగి చూసింది.

"అట్లనే నిలబడ్డవేందిరా?" అంది. "పని ఒడిసింది గదా. నడు బిడ్డా."